ఏడో షరతు

ఆశ్రయ గృహం లైసెన్స్ రెన్యూవల్‌కు పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. తీరా వచ్చినదాంట్లో ఇస్తామనీ లేదు, ఇవ్వమనీ లేదు. పదకొండు షరతులున్నాయి. వాటిని పదిహేను రోజుల్లో నెరవేరిస్తే లైసెన్స్. లైసెన్స్ ఉంటేనే ట్రస్టు సాయం. ఆ సాయం వస్తేనే చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో బట్టల కొట్ల వెనక సందులో ఉన్న ఆ మూడంతస్తుల ఇంట్లో తొమ్మిదిమంది ఆడవాళ్లకు పూట గడిచేది.

షరతులను హైందవి పైకి చదివింది. ఆ అమ్మాయిది గుంటూరు. సాయం చేసే ట్రస్టు పంపిస్తే రెండేళ్ల కిందట వచ్చి ఈ ఇంటి కాగితాల పనంతా చూస్తోంది. ఆరో షరతు దాకా గబగబా చదివింది గానీ ఏడోదాని దగ్గర గొంతు తగ్గిపోయింది.

“గృహంలో ఉన్న ప్రతి మహిళకూ ఆమె భర్త, భర్త లేనిచో తండ్రి లేదా సోదరుడు సంతకం చేసిన అనుమతి పత్రం జతపరచవలెను.”

“ఇంకోసారి చదువు,” అంది దమయంతి.

హైందవి మళ్లీ చదివింది. వంటగది గుమ్మంలో నిలబడి వింటున్న పంకజం చేతులు కొంగుకు తుడుచుకుంటూ, “అంటే కొట్టినోడి దగ్గరికే పోయి, అయ్యా నీ దెబ్బలకు పారిపోయొచ్చినా, ఆడ ఉండేదానికి ఒక సంతకం పెట్టు అని అడగాలా?” అంది. పంకజం ఆ ఇంటికి వంటమనిషి, కాపలామనిషి కూడా. పదిహేడేళ్ల కిందట ఆమె కూడా ఒంటిమీది చీరతోనే ఆ గుమ్మం ఎక్కినదే.

 దమయంతికి కోపం వస్తే అరవడం రాదు. చెవుల వెనక వేడెక్కుతుంది, నోరు ఎండిపోతుంది. మూడేళ్లుగా ఆ వేడిని లోపలే దాచుకుంటూ వచ్చింది.

ఆమెకు యాభై నాలుగేళ్లు. హైకోర్టు దగ్గర ఒక వకీలు ఆఫీసులో పన్నెండేళ్లు టైపిస్టుగా పనిచేసింది. దెబ్బలు తిన్న ఆడవాళ్ల పిటిషన్లు టైపు చేసీ చేసీ, పిటిషన్ దాఖలు చేశాక వాళ్లు ఆ రోజుకు ఏ ఇంటికి పోతారో అడిగే నాథుడు లేడని గ్రహించి, అత్తగారి నుంచి వచ్చిన ఇంట్లో ఈ ఆశ్రయం తెరిచింది. అప్పట్లో బోర్డు మీద ‘మహిళా హక్కుల కేంద్రం’ అని ఉండేది. మూడేళ్ల కిందట, హక్కులంటే రాజకీయం, రాజకీయానికి విదేశాల సాయం కుదరదు అని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. బోర్డు మార్చి ‘మహిళా సంక్షేమ గృహం’ చేసింది. అయినా విదేశాల సాయం ఆగిపోయింది. మరుసటేడు, శనివారాలు జరిగే చట్టం క్లాసులు ఆపి ఊరగాయలు పెట్టడం నేర్పమన్నారు. నేర్పించింది. ఇల్లు నిలబడితే చాలునని ప్రతిసారీ తనకు తాను చెప్పుకుంది. తల వంచడం అలవాటైతే మెడకు నొప్పి కూడా తెలియదు కాబోలు.

మూడో రోజు తనిఖీకి కోదండరాం వచ్చాడు. మహిళా సంక్షేమ శాఖలో లైసెన్సుల అధికారి. నుదుట బొట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. దమయంతి మాట వినగానే అతని ముఖం విప్పారింది.

“మీరు తెలుగోళ్లా అమ్మా! చెప్పనే లేదే. మాది విల్లివాక్కం. మా తాత ముత్తాతల నుంచీ ఆడనే.” పంకజం ఇచ్చిన కాఫీ తాగి, బాగుందని మెచ్చుకున్నాడు కూడా. మేడ మీది గదులు, కుట్టుమిషన్లు, మంచినీళ్ల ఫిల్టరు చూశాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయని రాసుకున్నాడు.

“అంతా బాగుండాదమ్మా. ఆ అనుమతి పత్రాలు, లిస్టు, ఈ రెండూ ఇచ్చేస్తే నాకేం అభ్యంతరం లేదు.”

“సార్, మొగుడు పెట్టిన వాతల మచ్చలు ఇంకా మాయని పిల్ల ఉంది పైన. ఆమెకు మొగుడు అనుమతి ఎట్ల ఇస్తాడు?”

“మొగుడే కానక్కర్లేదమ్మా. నాయన, అన్న, ఎవరో ఒకరు. రేపు ఏమన్నా అయితే ఆ మనిషికి ఒక బాధ్యుడు ఉండాల కదా.”

“ఆమెకు ఇరవైతొమ్మిదేళ్లు. ఆమెకు ఆమే బాధ్యురాలు.”

కోదండరాం నవ్వాడు. చిన్నపిల్ల ఏదో ముద్దుగా అంటే పెద్దవాళ్లు నవ్వే నవ్వు. “ఫార్మాట్‌లో ఆ కాలమ్ లేదమ్మా,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి దగ్గరి మనిషిలా చెప్పాడు. “ఒక పని చేయండి. పత్రాలు తర్వాత చూద్దాం. ముందు లిస్టన్నా పెట్టండి. పేరు, వయసు, సొంతూరు, ఇంటోళ్ల ఫోను నంబరు. అది ఉంటే నేను పైన మాట్లాడి మీకు గడువు తెస్తా. పోర్టల్‌లో పెట్టినా బీరువాలో పెట్టి తాళమేసినట్లే. మా ఆఫీసు తప్ప ఇంకెవరూ చూసేదానికి లేదు.”

అతను వెళ్లాక హైందవి ట్రస్టుకు ఫోన్ చేసింది. లిస్టు పెట్టేయమన్నారు. అనుమతి పత్రాల గురించి అడిగితే, “ఎవరిదో ఒకరి సంతకం తెప్పించండి. అది అసలుదా కాదా అని ఎవరు చూడొచ్చారు?” అని కూడా అన్నారట.

“మీరేమంటారు మేడమ్?” అంది హైందవి.

దమయంతి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. పై అంతస్తులో మిషన్లు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆఖరికి, “లిస్టు పెట్టు,” అంది. తొమ్మిదిమంది పేర్లనూ తనే దగ్గరుండి టైపు చేయించింది. పైకి వెళ్లి ఆ తొమ్మిదిమందితో ఒక్క మాట చెబుదామన్న ఆలోచన ఆమెకు రాలేదు. వాళ్ల మేలు కోసమే కదా అనుకుంది.

ఐదు రోజులు తిరిగేసరికి శ్రీకుమార్ వచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి వీధి గ్రిల్లును ఎవరో కాలితో తన్నిన చప్పుడైంది. దమయంతి వెళ్లేసరికి నీలం చొక్కా వేసుకున్న మనిషి ఒక చేత్తో గ్రిల్లు పట్టుకుని ఊపుతున్నాడు. రెండో చేతిలో ఫోను ఉంది. పైన మిషన్ మీద జాకెట్లు కుడుతున్న కోకిల మొగుడు శ్రీకుమార్ అతను. దమయంతి అతని ఫొటో కోర్టు కాగితాల్లో చూసి ఉంది. ఏడు నెలలుగా కోకిల ఎక్కడ ఉందో అతనికి తెలియదు. మదురైలో, సేలంలో చుట్టాల ఇళ్లన్నీ తిరిగాడని విన్నారు.

“నంబర్ నాలుగు! కోకిల, ఇరవైతొమ్మిది!” తమిళంలో ఫోను చూసి చదువుతూ వీధంతా వినిపించేలా అరిచాడు. “ఇదిగో, ఈ ఇంటి అడ్రసు, నా ఫోను నంబరు అన్నీ ఉన్నాయి. గవర్నమెంటే రాసింది! దాన్ని కిందికి పంపు. లేకపోతే ఇల్లు తగలబెడతా!”

దమయంతికి ఒక్క క్షణం అతనేం చదువుతున్నాడో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అది తను టైపు చేయించిన లిస్టే. తాళం గట్టిగా పట్టుకుని నిలబడింది. పంకజం పోలీసులకు ఫోన్ చేసింది. ఈలోపు అతను గ్రిల్లు సందులోంచి చెయ్యి దూర్చి దమయంతి మణికట్టు మెలితిప్పాడు. ఆమె తాళం వదలలేదు. పక్క కొట్టువాళ్లు నలుగురు వచ్చి అతన్ని వెనక్కి లాగారు.

ఒక కానిస్టేబుల్ వచ్చాడు. అంతా విని, “మొగుడు వచ్చి పిలుస్తున్నాడు కదమ్మా. మాట్లాడి పంపించేయొచ్చుగా,” అన్నాడు. శ్రీకుమార్‌ను మాత్రం మళ్లీ గొడవ చేయొద్దని చెప్పి బండెక్కించి పంపాడు. రేపు మళ్లీ వస్తానని శ్రీకుమార్ అరుస్తూనే పోయాడు.

తలుపు వేసి వెనక్కి తిరిగితే మెట్ల మీద కోకిల నిలబడి ఉంది. 

“నా పేరు ఆడికి ఎవరిచ్చినారక్కా?”

“ఆఫీసోళ్లకు నేనే ఇచ్చినా,” అంది దమయంతి. “తాళమేసి పెడతామన్నారు. నమ్మినా.”

“నన్ను అడిగినారా?”

“లేదు,” అంది దమయంతి.

“మా నాయన అడగలే, ఆడికిచ్చి పెళ్లి చేసినాడు. ఆడు అడగలే, నా గాజులు నా నగలు యాడనో కుదువ పెట్టినాడు. ఆఫీసోళ్లు అడగలే. మీరూ అడగలే కదక్కా.” కోకిల అరవలేదు. మాట స్పష్టంగా వస్తోంది. “నా పేరు నాది కదక్కా. యాడ రాయాలో నాకు చెప్పే పని లేదా?”

వాచిన మణికట్టు పట్టుకుని దమయంతి అలాగే నిలబడింది. ఆ మాటలకు బదులుగా క్షమాపణ చెప్పాలని తెలుసు. చెప్పింది కూడా. కోకిల తల ఊపి పైకి వెళ్లిపోయింది. ఆమె క్షమించిందో లేదో తెలియలేదు.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరిచే వేళకే దమయంతి అక్కడ ఉంది. ఆ పోర్టల్ పేజీని అచ్చు తీసి కోదండరాం బల్ల మీద పెట్టింది.

అతను కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. “అయ్యయ్యో. ఇది లోపలి పేజీలో ఉండాల్సింది. బయట పేజీలో పడినట్లుండాది. టెక్నికల్ ప్రాబ్లం అమ్మా.”

“తీయించండి.”

“దానికి ఒక అర్జీ రాసిస్తే, నేను పై సెక్షన్‌కు పంపి, ఆడ నుంచి...”

“తీయించండి,” అంది దమయంతి. ఈసారి ఆ గదిలో ఉన్న గుమాస్తాలందరూ తలలెత్తారు. తన గొంతు అంత పైకి లేవగలదని ఆమెకే తెలియదు. “నిన్న ఆ మనిషి కత్తి తెచ్చుకుని ఉంటే మీ టెక్నికల్ ప్రాబ్లం ఏమని రాసుకుందురు? ఏ కాలమ్‌లో రాసుకుందురు? మీ ఇంట్లో ఆడబిడ్డ పేరు, ఆమె దాక్కున్న చోటు ఇట్ల బయట వేస్తే అర్జీ రాసుకుంటా కూర్చుంటారా? నేను ఈడనే ఉంటా. ఆ పేజీ పోయినాకనే కదులుతా.”

కోదండరాం ముఖం ఎర్రబడింది. ఫోన్ తీసి ఎవరితోనో తమిళంలో రెండు ముక్కలు మాట్లాడాడు. పది నిమిషాల్లో పేజీ మాయమైంది. పది నిమిషాల పని! దాని కోసం అర్జీ, సెక్షన్, గడువు అన్నాడని తలచుకుంటే దమయంతికి ఒళ్లు మండిపోయింది.

“నా మీద కోపం ఎందుకమ్మా,” అన్నాడతను నొచ్చుకున్నట్లు. “నేను రూలు రాసినోణ్ణి కాదు. పైనోళ్లు అడిగితే నేను ఇవ్వాల. మీ మీద నాకు మర్యాద ఉండాది, దాని వల్లనే చెప్తున్నా. అనుమతి పత్రాలకు ఇంక ఆరు రోజులే ఉండాది.”

దారి పొడుగునా బస్సులో ఆ మర్యాదే ఆమెను కాల్చింది. కసురుకునేవాడైతే ఎదురు తిరగడం సులువు. ఇతను కాఫీ మెచ్చుకుంటూ గొంతు మీద కాలు పెడతాడు. అంతకంటే పెద్ద కోపం ఆమెకు తన మీదే. మూడేళ్లు ఒక్కొక్కటే వదిలేసింది. మొదట మాట వదిలింది, తర్వాత పాఠం వదిలింది, ఇప్పుడు పేర్లు. అడిగినవాడు అడుగుతూనే ఉన్నాడు, ఇచ్చేది తనే.

ఆ మధ్యాహ్నం తొమ్మిదిమందినీ హాల్లో కూర్చోబెట్టింది. హైందవి పదకొండు షరతులనూ తెలుగులో, తమిళంలో చదివి వినిపించింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఇలాంటి కాగితం వాళ్ల ముందు చదవడం అదే మొదలు.

“లైసెన్స్ పోతే సాయం పోతుంది,” అంది దమయంతి. “పత్రాలిస్తే లైసెన్స్ ఉంటుంది. ఏం చేయాలో మీరు చెప్పండి. ఈసారి మీరు చెప్పిందే చేస్తా.”

 ఒకరు, దొంగ సంతకాలు పెడదామన్నారు. ట్రస్టువాళ్లూ అదే అన్నారని హైందవి ఒప్పుకుంది.

“వద్దు,” అంది కోకిల. “దొంగ సంతకమైనా సరే, పెడితే అనుమతి కావాలని మనమే రాసిచ్చినట్లు. నేనొప్పుకోను.” దమయంతి వైపు తిరిగి అడిగింది. “అక్కా, ఇది ఆశ్రయం అంటేనే కదా లైసెన్స్? ఒకరింట్లో చుట్టం వచ్చి ఉంటే దానికి లైసెన్స్ కావాలా?”

“అక్కర్లేదు.”

“అయితే చుట్టాలమైపోదాం. తలా ఒకింటికి.”

పంకజం ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “మా చెల్లెలింట్లో ఒకరికి చోటుండాది,” అంది. హైందవి తను పెరుంగుడిలో ఇద్దరు స్నేహితురాళ్లతో ఉండే ఫ్లాటులో ఒకరిని పెట్టుకుంటానంది. ట్రస్టుకు తెలిస్తే ఉద్యోగం పోతుందని దమయంతి హెచ్చరించింది. “ఎలాగూ లైసెన్స్ పోతే నాకు ఇక్కడ పనుండదు కదండీ,” అంది హైందవి.

మిగిలిన రోజులు దమయంతి కాళ్లరిగేలా తిరిగింది. టి. నగర్‌లో ఒక పట్టుచీరల కొట్టు యజమాని భార్య, ఏటా మహిళా దినోత్సవానికి వేదిక మీద తనకు శాలువా కప్పే మనిషి, సంగతి వినగానే మంచినీళ్లు కూడా ఇవ్వకుండా, “వాళ్ల మొగుళ్లు వచ్చి కొట్టు ముందర గలాటా చేస్తే మా వ్యాపారం ఏం కావాల?” అంది. ఇంకొకరు ఇంట్లో పెళ్లి కావాల్సిన అబ్బాయి ఉన్నాడన్నారు. వాషర్‌మెన్‌పేట్‌లోనే జాకెట్లు కుట్టే కొట్టున్న సీతాదేవి మాత్రం ఒక్కటే అడిగింది. “మిషన్ తొక్కుతుందా?” తొక్కుతుందని చెప్తే, “కోకిలను పంపు. ఆడు ఈ వీధిలోకి వస్తే మా కత్తెర్లకూ పని దొరుకుతుంది,” అంది. కోకిల వెళ్లే ముందు దమయంతి అడ్రసు చెప్పి, “నీకు ఇష్టమేనా?” అని అడిగింది. కోకిల ఇల్లు చూసొచ్చాకే సరేనంది.

పద్నాలుగో రోజుకు ఎనిమిదిమందికి ఇళ్లు దొరికాయి. ఇద్దరిని దమయంతి తమ్ముడి ఇంట్లో తనుండే గదిలోనే పెట్టుకుంది, అతని కుటుంబం గొణిగినా సరే. మిగిలింది శరణ్య. ఇరవైమూడేళ్లది, సౌకార్‌పేటలో హోల్‌సేల్ ప్లాస్టిక్ సామాను వ్యాపారి కోడలు. మాట తక్కువ. ఆమెను తీసుకుంటామన్న ఇల్లు గడువుకు ముందురోజు ఉదయం మాట మార్చింది. దమయంతి ఇంకో చోటు అడగడానికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి శరణ్య లేదు. పేజీ తీసేలోపు చూసినవాళ్లెవరో లిస్టులోని నంబరుకు ఫోన్ చేశారట, ఆమెను అత్తింటికి తీసుకుపోవడానికి అన్న ఆటోలో వచ్చాడట. “నేనుంటే మీకందరికీ ఇబ్బంది పంకజమ్మా” అని చెప్పి, సంచి సర్దుకుని ఎక్కిందట.

“నిలబెట్టినా. చేతులు పట్టుకున్నా,” అని పంకజం ఏడ్చింది. “పోతానంటే ఎట్ల ఆపేది? ఆమె ఇష్టం అంటివి కదా నువ్వే!”

ఇష్టం! ఉండటానికి చోటు లేకుండా చేసి, పోతే ఇష్టమంటారు. దమయంతి ఆ రోజు అన్నం ముట్టలేదు.

గడువు రోజున కోదండరాం ఇద్దరు సిబ్బందితో వచ్చాడు. ఖాళీ గదులు చూశాడు. మంచాల మీద పరుపులు చుట్టి ఉన్నాయి. దమయంతి ఒక కాగితం అందించింది. లైసెన్స్ రెన్యూవల్ అక్కర్లేదనీ, గృహం మూసేస్తున్నామనీ నాలుగు లైన్లు. వకీలు ఆఫీసులో నేర్చుకున్న పద్ధతిలో తనే టైపు చేసింది.

“వాళ్లంతా యాడికి పోయినారు?”

“వాళ్లకు నచ్చిన చోటికి.”

“అడ్రసులు?”

“ఇవ్వను.”

“అమ్మా, లిస్టులో ఉన్న మనుషులు కనిపించకపోతే మీ మీద కేసవుతుంది. మీరు అడిగి ఉంటే నేను ఇంకో నెల గడువు తెచ్చిపెడుదును. మీరు తొందరపడినారు.”

“మీ గడువు నాకక్కర్లేదు,” అంది దమయంతి. “మూడేళ్లు మీరు ఏమడిగితే అది ఇచ్చినా. ఒక పిల్ల మళ్లీ ఆ నరకానికి పోయింది, మీ లిస్టు వల్ల, నా చేతకానితనం వల్ల. కేసు పెట్టండి. కోర్టులో జడ్జి ముందర ఆ ఏడో షరతు నేనే పైకి చదువుతా. ఎవరు రాసినారో వచ్చి చెప్పమంటా.”

 ఈసారి కోదండరాం నవ్వలేదు. రశీదు రాసిచ్చి, సిబ్బందితో మెట్లు దిగిపోయాడు.

కేసు నోటీసు మూడు వారాలకు వచ్చింది. దమయంతి పాత వకీలు ఆఫీసుకు వెళ్లి జవాబు తనే టైపు చేసుకుంది. హైందవి ఉద్యోగం పోయింది. ఒక ఐటీ కంపెనీలో చేరి, శనివారాలు వచ్చి కాగితాలు చూస్తోంది. కోకిల విడాకుల కేసులో వాయిదాకు సీతాదేవి కొట్టు నుంచి ముగ్గురు ఆడవాళ్లు తోడు వెళ్లారు. శ్రీకుమార్ దూరంగా నిలబడి చూసి వెళ్లాడు.

దమయంతి సౌకార్‌పేటకు వెళ్లడం మానలేదు. మొదటిసారి శరణ్య అత్త గుమ్మంలోనే అడ్డం నిలబడి, కోడలు ఊళ్లో లేదంది. మేడ మీది కిటికీలో పరదా కదలడం దమయంతి చూసింది. రెండోసారి మామ, పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలవమంది. తోపుడుబండ్లు, మూటలు మోసే కూలీలు రాసుకుంటూ పోతుంటే ఎదురు కొట్టు అరుగు మీద రెండు గంటలు కూర్చుంది. కొట్టువాళ్లు లేవమన్నా లేవలేదు.

నాలుగోసారి శరణ్య కిందికి వచ్చింది. చేతిలో కూరగాయల సంచి, వెనకే చిన్న ఆడపడుచు. ఎడమ చెంప కమిలి ఉంది. దమయంతి పక్కనుంచి పోతూ ఆగలేదు, తల తిప్పలేదు. ఆడపడుచు బండివాడితో బేరమాడుతున్నప్పుడు మాత్రం పెదవులు కదిపీ కదపనట్లు అంది.

“శుక్రారం ఒక్కదాన్నే ఈడికే వస్తా అక్కా. పదకొండుకి. ఒక చోటు చూసి పెట్టండి.”

దమయంతి సరేనన్నట్లు కళ్లు మూసి తెరిచింది. అప్పటికి మంగళవారం. మూడు రోజులే ఉన్నాయి. అరుగు మీంచి లేచి, చీర దులుపుకుని, ఆటో కోసం మెయిన్ రోడ్డు వైపు వడివడిగా నడిచింది. ఈసారి టి. నగర్‌లో శాలువాలు కప్పేవాళ్ల వైపు పోదలచుకోలేదు, నేరుగా సీతాదేవి కొట్టుకే.